ఓనరంకుల్ విన్న రెండో ఆల్బమ్

పోయిన నెల ఆఫీసులో మధ్యాహ్నం షిఫ్టు మొదలై గంట కూడా కాలేదు, మా డ్రమ్మర్ ఫోన్ చేశాడు. వాడు మెసేజ్ పెడతాడే తప్ప ఫోన్ చేసే మనిషి కాదు. "ఓనరంకుల్ పోయిండు రా. మొన్న పొద్దుగాల, నిద్రలనే. నాకు గూడ అంతా అయినంకనే తెలిసింది," అన్నాడు. నేను సరే అన్నాను. ఫోన్ పెట్టేసి, కత్తిరించాల్సిన వీడియోలు కత్తిరించి, షిఫ్టు అయ్యాక ఇంటికెళ్ళాను. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా అలసటగా అనిపించింది, అంతే. ఈ మధ్య నాకు ఏం జరిగినా ముందు అలసటే వస్తోంది.

ఆయన మాకు చుట్టం కాదు. తార్నాకలో ఆయన ఇంటి వెనక గదిని మా బ్యాండ్ ప్రాక్టీసుకు అద్దెకిచ్చారు కాబట్టి ఓనరంకుల్. అనంతపురం వైపు మనిషి. యూనివర్సిటీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో గాజు ఊదే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ల్యాబుల్లో వాడే వంకర గొట్టాలు, బుడ్లు పగిలితే అతికేదీ, కొత్తవి చేసేదీ ఆయనే. అలాంటి ఉద్యోగం ఒకటుంటుందని ఆయన్ని కలిసేదాకా నాకు తెలియదు.

మాది మెటల్‌కోర్. తెలియనివాళ్ళకు చెప్పాలంటే, గిటార్లు గరగరమంటూ పరిగెడతాయి, డ్రమ్ములు వాటిని తరుముతాయి, పాడాల్సినవాడు పాడకుండా అరుస్తాడు. ఆ అరిచేవాణ్ణి నేను. ఇలాంటి నలుగురికి గది ఎవరిస్తారు? సీతాఫల్‌మండిలో డ్రమ్మర్ వాళ్ళ మేడ మీద రెండు వారాలు వాయిస్తే వీధి వీధంతా వచ్చి పంచాయితీ పెట్టింది. ఓనరంకుల్ మాత్రం ఒక పాట మొదట్నుంచి చివరిదాకా విని, "ఆదివారం రెండు నుంచి అయిదు వరకు. పక్కింటోళ్ళతో నేను మాట్లాడుకుంటా," అన్నారు. ఎవరైనా గొడవకొస్తే గేటు దగ్గరే ఆపి, "పిల్లోళ్ళు పని చేస్తాండారప్పా," అని పంపించేసేవారు. మేం చేసేదాన్ని పని అన్న మొదటి మనిషి ఆయనే. మా నాన్న ఇప్పటికీ అనడు.

మేం వాయిస్తున్నంతసేపూ బయట కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలో, గోరుచిక్కుళ్ళో ఒలుస్తూ కూర్చునేవారు. మా పాటల్లో ఒక్క మాటా ఆయనకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు నన్ను పిలిచి, "గొంతులో రక్తం రుచి తగుల్తాందా?" అని అడిగారు. అప్పుడప్పుడూ అన్నాను. మర్నాడు పొద్దున్నే స్కూటరెక్కించుకుని క్యాంపస్‌కు తీసుకెళ్ళారు. కెమిస్ట్రీ భవనం వెనక రేకుల షెడ్డు. తన దగ్గర పని నేర్చుకున్నతన్ని పక్కకు జరగమని, మంట ముందు కూర్చుని, గాజు గొట్టానికి తగిలించిన రబ్బరు గొట్టం కొస నోట్లో పెట్టుకున్నారు. ఎర్రగా కాగిన గాజు గొట్టం చివర నిమ్మకాయంత బుడగ వచ్చింది. బుగ్గలు కొంచెం కూడా ఉబ్బలేదు.

"చూసినావా? బుగ్గలతో ఊదితే వంకరపోతాది. కడుపులోంచి కొద్దికొద్దిగా తియ్యల్ల. మధ్యలో ఆపల్ల. నువ్వు ఆపినంత మాత్రాన ఏమీ పగిలిపోదు, భయపడాకు," అన్నారు.

ఆ తర్వాత ప్రతి పాటకూ అదే అలవాటైంది. నేను రాసిన కాగితం తీసుకుని వచ్చి కూర్చునేవారు. నేను అరుస్తుంటే, ఊపిరి తీసుకోవాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టేవారు. సున్నా పెట్టడానికి చోటు లేదంటే ఆ లైను మార్చుకోవాల్సిందే. నేను సణుక్కునేవాణ్ణి కానీ మార్చేవాణ్ణి. మొదటి ఆల్బమ్ ఆ గదిలోనే, గోడలకు అంకుల్ వాళ్ళావిడ, అంటే ఆంటీ, ఇచ్చిన పాత బొంతలు వేలాడదీసి రికార్డు చేశాం. నా ఊపిరి ప్రతి పాటలోనూ వినిపిస్తుంది. జనానికి నచ్చింది. బెంగళూరు, పుణెలకు పిలిచారు. ఆ ఏడాది మా అంత గొప్పవాళ్ళు లేరనుకున్నాం.

రెండోదాని నాటికి నలుగురికీ ఉద్యోగాలొచ్చాయి. ఆదివారం కలవడానికి ఎవరికీ ఓపిక లేదు. ఎవరింట్లో వాళ్ళం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ముక్కలు తయారుచేసి ఒకరికొకరు పంపుకున్నాం. డ్రమ్ములు కొట్టలేదు, కంప్యూటర్‌లో దెబ్బకో గడి చొప్పున నింపాం. ఊరి అవతల ఒక మంచి స్టూడియోలో నేను ఒక్కో లైనూ విడివిడిగా అరిచి వచ్చాను. ఊపిరి శబ్దాలు తీసేస్తే నీట్‌గా ఉంటుందని అక్కడి ఇంజినీరు అంటే, తీసెయ్ అన్నాను. ఇక్కడ ఎవర్నీ అనడానికి లేదు, అన్నది నేనే.

సీడీ పట్టుకెళ్ళి ఓనరంకుల్‌కు ఇచ్చాను. రెండు రోజులు విని కబురు పెట్టారు.

"ఏమప్పా, ఇంతసేపట్లో నువ్వు యాడా ఊపిరి తీసుకోలేదే?"

"కట్ చేశారంకుల్. ఇప్పుడందరూ అలాగే చేస్తున్నారు."

"మరి మనిషన్నోడు ఎట్ల పాడతాడు దీన్ని? మీరు నలుగురూ ఒకతావ నిలబడి ఒక్కసారన్నా వాయించి చూసుకున్నారా?"

లేదు. అసలు విషయం అదే, నాకూ తెలుసు. తెలుసు కాబట్టే ఒళ్ళు మండింది. "మీకీ మ్యూజిక్ అర్థం కాదంకుల్. మీరు ఆ గాజు గొట్టాల సంగతి చూసుకోండి," అన్నాను. ఆయన వయసుకు నేనన్న మాట అది. ఆయన సీడీని దాని డబ్బాలో పెట్టి, "సరే నాయనా, టీ తాగి పో," అన్నారు. నేను తాగలేదు.

ఆల్బమ్ విడుదల క్యాంపస్‌లోని ఓపెన్ ఆడిటోరియంలో పెట్టుకున్నాం. దానికి మూడు రోజుల ముందు గంటకింత అని అద్దెకిచ్చే ఒక హాల్లో మొదటిసారి కలిసి వాయించాం. డ్రమ్మర్ పుల్లలు కింద పడేసి, "గిది కొట్టాల్నంటే ఇంకో చెయ్యి కావాలె రా. ఎవడు రాసిండు గిది?" అన్నాడు. రాసింది వాడే. ఏం చేస్తాం, కష్టమైన చోట్ల వెనక ల్యాప్‌టాప్‌లోంచి రికార్డు వేసి నడిపించేద్దాం అనుకున్నాం.

మూడో పాటలో నాకు గాలి అందలేదు. కళ్ళకు చీకట్లు కమ్మి స్టేజి మీదే కూలబడ్డాను. ల్యాప్‌టాప్ మాత్రం ఆగలేదు. నేను కింద కూర్చుని ఉండగా నా గొంతు స్పీకర్లలోంచి అరుస్తూనే ఉంది, ఊపిరి పీల్చకుండా. ముందు నవ్వారు, తర్వాత ఫోన్లు తీశారు. వెనక వరుసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని ఓనరంకుల్, పక్కన ఆంటీ. ఆయన నవ్వలేదు, తల తిప్పుకోలేదు. ఎవరైనా మంచినీళ్ళివ్వండని పక్కవాళ్ళతో చెబుతూ లేచారు. ఆయన స్టేజి దగ్గరికి వచ్చేలోపు నేను వెనకనుంచి వెళ్ళిపోయాను.

ఆల్బమ్ గురించి రాసినవాళ్ళు తక్కువ. ఆ కొద్దిమందీ, మొదటిది చేసింది వీళ్ళేనా అని రాశారు. జనం ఇంకా ఇంత ముందుకు రాలేదని నేను అందరికీ చెప్పుకు తిరిగాను. అది అబద్ధమని తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరి ముఖం చూడలేక నాలుగేళ్ళు ఆ ఇంటివైపు పోలేదు. రోజూ తార్నాక సిగ్నల్ దాటే ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. ఒకసారి ఆయన రోడ్డు పక్కన తోటకూర బేరమాడుతూ కనిపించారు. హెల్మెట్ అద్దం దించుకుని వెళ్ళిపోయాను. మీరు చెప్పిందే నిజమంకుల్ అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట ఇవాళ మీతో చెబుతున్నాను, ఆయనతో చెప్పలేదు.

మొన్న ఆదివారం ఆంటీ పిలిపించింది, గదిలో మా సామాను ఉండిపోయింది కదా, చూసుకోమని. నలుగురం వెళ్ళాం. గిటార్ల వాళ్ళిద్దరూ పాత అలవాటు కొద్దీ గిటార్లు కూడా తగిలించుకొచ్చారు. ఆ గది ఆయన ఇంకెవరికీ ఇవ్వలేదట. డ్రమ్ముల మీద దుప్పటి కప్పి ఉంది, దుమ్ము లేదు.

"మీ రెండోది కూడా వినేవారు నాయనా," అంది ఆంటీ. "ఎన్నిసార్లు విన్నారో! యాదో ఒకటి బాగుండకపోతాదా అని. కడాకు ఆరో పాట దొరికిందన్నారు. దాన్ని నిదానంగా వాయిస్తే నిలబడ్తాది, వాడొస్తే చెప్పల్ల, అనేవారు."

"ఫోన్ చేసి ఉంటే వచ్చేవాణ్ణి కదాంటీ."

"నేనూ అదే అన్యా. మనం పిలిస్తే తిట్టేకి పిలిచినామనుకుంటాడు, వానికే రావాలనిపించనీ, అన్నారు."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. నెల రోజులుగా రానిది ఆ గదిలో అందరి ముందూ వచ్చింది. నాలుగేళ్ళు నేను ముఖం చాటేస్తే, ఆయన నా చెత్తలో మంచిదేదో వెతుకుతూ కూర్చున్నారు.

డ్రమ్మర్ దుప్పటి తీసేశాడు. "కొడ్దామా రా? నా చేతులకు ఎంత అయితదో అంతనే," అన్నాడు. ఆంటీ వంక చూశాం. "కొట్టుకోండి నాయనా. నెలనాళ్ళుగా ఇల్లు ఇల్లు మాదిరి లేదు," అని ఆమె వంటింట్లోకి వెళ్ళింది.

ఆరో పాట నలుగురం కలిసి వాయించడం అదే మొదటిసారి. సగం వేగం. తప్పులు బోలెడు. మైకు లేదు, ఉత్త గొంతుతోనే అందుకున్నాను. రెండో చరణం సగంలో గాలి అయిపోయింది. ఇదివరకైతే ఎలాగో ఈడ్చుకుపోయేవాణ్ణి. ఆపేశాను. నన్ను చూసి గిటార్లు ఆగాయి, డ్రమ్ములు ఆగాయి.

ఆంటీ పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చింది. "ఏం నాయనా, ఆపినారేం?"

"ఊపిరి తీసుకుంటున్నానాంటీ."

"తీసుకో నాయనా, నిదానంగా తీసుకో," అని ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది, మళ్ళీ మొదలుపెట్టేదాకా లోపలికి వెళ్ళలేదు.