గాలి దిండ్ల మీద జీపు

అవును బిడ్డా, మీ తాత కూడా గాలి కొట్టేవాడు. పుణెలో పికప్‌కి కాఫీ ట్రాలీ తగిలించుకుని తిరిగే నువ్వు, మొన్న బండి కిందికి దూరి మరీ వీడియో తీసి పంపావు కదా. ఇరుసుకీ పైనున్న చట్రానికీ మధ్య రెండు నల్లటి రబ్బరు సంచులు, వాటిలోకి గాలి పోతుంటే కుంగిన బండి మెల్లగా లేచి సమంగా నిలబడటం. "తాత జీపు వెనక కుంగితే ఏం చేసేవాడు నానమ్మా?" అని అడిగావు. నీ వెనక నుంచి మీ తమ్ముడు, "అప్పుడు ఇవెక్కడివే" అని నవ్వాడు. ఉన్నాయి నాన్నా. కొనుక్కొచ్చినవి కావు, మీ తాత మగ్గం మీద నేసినవి. ఫోన్‌లో చెబుదామంటే నేను సగంలో ఉండగానే మీకు గిరాకీ వస్తుంది. అందుకే రాసి పంపుతున్నాను, తీరిక ఉన్నప్పుడు చదువుకోండి.

నేను కోడలిగా వచ్చేసరికి కొత్తవాడలో ఏ గుమ్మం ముందు నిలబడినా జంపఖానా మగ్గం చప్పుడే. మోరీల్లో నీళ్లు ఒకరోజు ఎర్రగా పోయేవి, ఒకరోజు నీలంగా పోయేవి. ఆ నీళ్లు చూసి ఏ ఇంట్లో ఏ రంగు అద్దుతున్నారో చెప్పేదాన్ని. మీ తాతకు మాత్రం మగ్గం ముందు కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కేవి. డెబ్బయ్యో దశకం చివర్లో, వేలంలో ఒక ముసలి జీపు తెచ్చాడు. వెనక భాగం కోయించి సామాను పెట్టుకునేలా చేయించాడు, దాని వెనక రెండు చక్రాల ట్రాలీ తగిలించాడు. మా వాడకట్టు ఇళ్లలో నేసిన జంపఖానాలన్నీ కరీంనగర్ సేటుకు చేర్చడం ఆయన పని. మా మామకు ఈ వ్యవహారం నచ్చలేదు. "నేసుడు ఇడిసిపెట్టి మోసుడు పట్టిండు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. కానీ పొద్దున లేవగానే తడిగుడ్డతో జీపు అద్దం తుడిచేది కూడా ఆయనే.

మా వాడకట్టుకు ఒక పద్ధతి ఉండేది. బండి కదిలే రోజు ఎవరి మూట వాళ్లు తెచ్చి మా అరుగు మీద పెడతారు. అరుగెక్కిన మూటను "ఇయ్యాల వద్దు" అని బండివాడు అనకూడదు. అంటే ఆ ఇంటి నేతకు వంక పెట్టినట్టే. మరి బండి నిండిపోతే? తెచ్చినవాళ్లే నాలుగడుగులు వెనక్కి వేసి జీపును చూసేవారు. ట్రాలీ బరువూ మూటల బరువూ కలిసి వెనక కుంగి, ముక్కు పైకి లేచి, దాని దీపాలు కాకులను వెతుకుతున్నట్టు ఉండేవి. అప్పుడు వాళ్లే, "మాది వచ్చే వారం పోనియ్ తియ్యన్నా" అని మూట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయేవారు. ఎవరూ ఎవరికీ కాదని చెప్పే పని ఉండేది కాదు.

అయితే ముక్కు లేచిన బండి తోలడం మాటలు కాదు. ముందు చక్రాలు నేలను సరిగ్గా పట్టవు. స్టీరింగ్ ఇటు తిప్పితే బండి ఆలోచించుకుని తిరిగేదని మీ తాత అనేవాడు. ఒకసారి అలాగే ఆలోచించుకుని నేరుగా మక్కచేనులోకి పోయింది. ఆ తర్వాత ఆయన రెండు స్కూటర్ ట్యూబులు తెచ్చి, మడిచి, జీపు కింద కమాను పట్టీల మీద పెట్టి సైకిల్ పంపుతో గాలి కొట్టాడు. అవి ఒక పక్కకు ఉబ్బి, కప్పలా చూసి, టప్పున పగిలాయి. అప్పుడాయన ఎన్నాళ్ల నుంచో ముట్టని మగ్గం ఎక్కాడు. రెండు పోగులు ఒకటిగా పురిపెట్టి, గోనెకంటే మందంగా రెండు సంచులు నేశాడు. మా మామ పక్కనే నిలబడి, కొడుకు మగ్గం ఎక్కాడన్న సంతోషం మొహంలో కనపడనీయకుండా, "గట్టిగ కొట్టు, పేక వదులైతాంది" అని గదమాయించాడు. ఆ సంచుల్లో కొత్త ట్యూబులు దూర్చి గాలి కొడితే ఎటూ ఉబ్బలేదు, పగల్లేదు. జీపు పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు నిటారుగా నిలబడింది.

వాడంతా చూడడానికి వచ్చింది. ఎదురింటి బావ కింద పడుకుని చూసి, దుమ్ము దులుపుకుంటూ లేచాడు. "బండికి దిండ్లు కుట్టించినవ్. ఇగ దుప్పటి గూడ కప్పు, సల్లగ పండుకుంటది."

"నీకేమన్న కుళ్లా బావా?" అన్నాడు మీ తాత.

"నాకెందుకు కుళ్లు? మా మంచంల దిండు లేదు, నీ జీపుకు రెండున్నయి. గంతే."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే ఒక సంగతి మా అందరి కళ్లనూ తప్పించుకుంది. ఆ రోజు నుంచి మూట పట్టుకొచ్చి జీపును చూసి వెనక్కి తీసుకుపోయినవాళ్లు లేరు. ఎంత ఎక్కించినా జీపు ముక్కు లేవదు. కొంచెం కుంగినట్టనిపిస్తే మీ తాత పంపు తెచ్చేవాడు.

నీకు ఇది ముందే చెప్పి ఉండాల్సింది బిడ్డా. "ఇప్పుడు బండి సమంగా ఉంది నానమ్మా, ఇంకో ఫ్రిజ్ పెట్టుకోవచ్చు" అన్నావు నువ్వు. గాలి బండిని ఎత్తి చూపిస్తుందే తప్ప, ఇరుసుకు కొత్తగా బలమివ్వదు. ఎంత మోయగలదో బండి చేసినవాళ్లు చెప్పే ఉంటారు, అదే చూసుకో.

మీ తాత చివరిసారి జీపు తోలిన రోజు నేను కూడా అందులోనే ఉన్నాను. హసన్‌పర్తిలో మా అక్క మనవరాలికి పేరు పెడుతున్నారు, దారిలో దింపుతానన్నాడు. వానలకు ముందు పంపే ఆఖరి సరుకు అది. వానాకాలమంతా పోగు తడిసి పని సాగదు కాబట్టి, ఆ సరుకు మీదే ఇళ్లన్నీ నాలుగు నెలలు గడపాలి. మూటలు వస్తూనే ఉన్నాయి. జీపు నిండింది, ట్రాలీ నిండింది, టార్పాలిన్ నాలుగు మూలలకూ అందడం మానేసింది. తాళ్లు బిగించాక మూలింటి పెద్దవ్వ వచ్చింది. చెయ్యి విరిగి, అతుక్కుని, చాలా కాలం తర్వాత ఆమె నేసిన మొదటి మూట అది.

"మూట పైలంగ చేరుతది గద బిడ్డా?" అంది.

మీ తాత జీపు దగ్గరికి వెళ్లాడు. జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక నిలబడి చూశాడు, వంగి కిందికి చూశాడు. "ఏమాయె?" అన్నాను. "ఏంలే" అన్నాడు. పంపు అందుకుని రెండు సంచుల్లోనూ ఇంకాస్త గాలి కొట్టాడు, తాడు విప్పి పెద్దవ్వ మూట పైన పెట్టాడు. జీపు సమంగా నిలబడింది.

హసన్‌పర్తి చెరువు కనబడుతుండగా నా కింద ఎముక విరిగినట్టు చప్పుడైంది. జీపు నా వైపు ఒరిగింది. మా వెనక చక్రం మాకంటే ముందుకు దొర్లుకుంటూ పోయి తుమ్మచెట్టుకు తగిలి పడిపోయింది. ఇరుసు విరిగింది. వెనక ట్రాలీ మెలిపడి రోడ్డుకు అడ్డంగా పడుకుంది. మాకు దెబ్బలు తగల్లేదు. దెబ్బలు తగల్లేదే అని ఊపిరి పీల్చుకునేలోపే, కొద్దిసేపటి నుంచి చెరువు మీద నల్లగా ఆగి ఉన్న మబ్బు వానై దిగింది.

ఏం చేయగలం చెప్పండి. ఉన్నది ఒక్క టార్పాలిన్, అదీ చిరిగింది. మీ తాత మూటల మీద బోర్లా పడుకున్నాడు, తన ఒంటితో ఎంత కప్పగలడో అంత. నేను పెట్టెలోంచి ఫంక్షన్‌కని తెచ్చుకున్న పట్టుచీర తీసి పరిచాను. పట్టుచీర వాననేం ఆపుతుంది? ఒక లారీ ఆగింది. డ్రైవర్ దిగి చూసి, "అన్నా, గిదంత ఒక్క జీపుకేనా?" అన్నాడు. మీ తాత లేచి ఒక మూట అతని చేతికందించాడు. ఆ డ్రైవరూ క్లీనరూ చేతనైనన్ని మూటలు మోసి లారీలో పెట్టారు, కానీ అప్పటికే నీళ్లు లోపలికి దిగాయి. అప్పటి రంగులు తడికి ఆగేవి కావు. ఎరుపు తెలుపులోకి పాకింది, నీలం పసుపులోకి పాకింది. రోడ్డు పక్క కాలువలో కొత్తవాడ రంగులన్నీ కలిసి, ఏ ఇంటిదో చెప్పలేని ఒక మట్టిరంగుగా చెరువులోకి పోయాయి. నేను ఆ నీళ్లు చూస్తూ నిలబడ్డాను. జీపు కింద ఆ రెండు సంచులు మాత్రం ఒక్క కుట్టు చెదరకుండా, నిండు గాలితో అలాగే ఉన్నాయి. అంత గట్టి నేత.

మరుసటి రోజు లారీలో మూటలు తిరిగొచ్చాయి. మేం తిట్లకు సిద్ధపడి కూర్చున్నాం. ఎవరూ తిట్టలేదు, అదే కష్టమైంది. ఎవరి మూట వాళ్లు గుర్తుపట్టి, విప్పి చూసి, మళ్లీ కట్టుకుని వెళ్లిపోయారు. ఎదురింటి బావ కూడా తన మూట భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. పెద్దవ్వ తన మూటను అతుక్కున్న చేత్తో తడిమి, "నీకేం కాలె గద బిడ్డా, గది సాలు. ఫికర్ జెయ్యకు" అంది. మీ తాత తల వంచుకునే ఉన్నాడు. జీపు ఇంటికి మళ్లీ రాలేదు, దాన్ని ఎక్కడ వదిలించుకున్నాడో నేను అడగలేదు. వానాకాలమని కూడా చూడకుండా మర్నాడే మగ్గం ఎక్కాడు. పాడైన సరుకుకు బదులుగా మొదట నేసింది పెద్దవ్వకు, ఆ తర్వాత వరసగా ఒక్కో ఇంటికి. అలా ఎన్నేళ్లు నేశాడో, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని మాత్రం మళ్లీ అనలేదు. మా మామ కొడుకు మగ్గం మీద ఉండాలని కోరుకున్నాడు కానీ, ఇలా కోరుకోలేదు. ఆ తర్వాత ఆయన మగ్గం గదిలోకి రావడం తగ్గించాడు.

అడగాలని నేను చాలాసార్లు అనుకున్నాను. అన్నం పెడుతూ అనుకున్నాను, కండెలకు నూలు చుట్టి అందిస్తూ అనుకున్నాను. మనిషి ఎదురుగానే ఉన్నాడు కదా, నొప్పి కాస్త తగ్గాక అడుగుదాంలే అని ఆగాను. కాలం నొప్పిని తగ్గించింది, మనిషినీ తీసుకుపోయింది. మీ తాత ఆ రోజు జీపు చుట్టూ తిరిగి, వంగి కిందికి చూశాడే, జీపు అంత బరువు మోయలేదని ఆయనకు అప్పుడే తెలిసిందా?