పుండు మీద శాలువ

జర దగ్గరికి జరుగుండ్రి, గోడకు ఆనుకోని మంచిగ కూసోండ్రి. బువ్వ తినుడు అయిందా? ఈ ముచ్చట తిన్నంక ఇంటె కడుపుల తిప్పుతది, తినకముందు ఇంటె బుక్క దిగది. అయినా ఇంటమంటరా, ఇనుండ్రి.

మునగాల దాటినంక రోడ్డు పక్క ఊరు మాది. మా అత్త ఈ వయసుల గూడ నాట్లకు వంగేది. ఆమెకు సుగరు. సుగరున్న కాలుకు నొప్పి తెల్వదు. పొలంల వరికొయ్య గుచ్చుకుంటే గీసుకపోయిందిలే అనుకున్నది. కొన్నొద్దులకు చిటికెన వేలు నేరేడు పండు లెక్క నల్లగైంది. ఊళ్లె సూదులేసే ఆయన పచ్చపొడి చల్లి గుడ్డ కట్టిండు. గుడ్డ కింద వాసన మొదలైంది.

మా అత్త అక్కను మాడుగులపల్లిల ఇచ్చిండ్రు. ఆమెకు గూడ గిట్లనే వేలు కాడ మొదలై, మోకాలి కాడికి కాలు తీసేసిండ్రు. మంచంల పడి, నీళ్లకు గూడ ఇంకొకల్ల మొఖం సూసి, గట్లనే పోయింది. అది కండ్లార సూసిన మనిషి మా అత్త. "బిడ్డా, నా కాలు తీస్తే నన్ను దవాఖానల్నే ఇడిసిపెట్టి రా, ఇంటికి తేకు" అన్నది నాతోని. ఆ మాటకు నాకు నిద్ర పట్టలే.

మా మండలంల సర్కారు దవాఖానకు శాన రోజుల సంది డాక్టరు లేడు. కొత్తగ ముగ్గురొస్తున్నరని తెలిసింది. పెద్ద సారు మిర్యాలగూడ నుంచి కార్ల వస్తడంట. నడిపి సారుది సూర్యాపేట. చిన్న మేడంది కోదాడ. వాళ్లు దిగిన పొద్దే అత్తను ఆటోల ఎక్కించుకోని పోయిన.

పోతే ఏముంది, దవాఖాన కాదు, పెండ్లిల్లు. షామియానా ఏసిండ్రు. ఫ్లెక్సీల మండలం పెద్దమనిషి మొఖం గుమ్మడికాయంత, డాక్టర్ల మొఖాలు ఎల్లిపాయలంత. నర్సమ్మ మమ్ముల వరండల చక్రాల కుర్చీల కూసోబెట్టి, సార్లు సూస్తరు కట్టు ఇప్పి పెట్టుండ్రి అన్నది. ఇప్పిన. కట్టు ఇప్పుడే నేను చేసిన తప్పు. డాక్టర్లు లోపలికి రానే లేదు, మోటరు దిగంగనే వాళ్లను స్టేజీ మీదికి గుంజుకపోయిండ్రు.

ఇగ ఎరుక చేసుకునుడు మొదలైంది. మనోళ్లు కొత్త మనిషిని ఎరుక చేసుకునుడు మీకు తెల్వందా? ఏం చదివిండ్రు, ఏ రోగం సూస్తరు అని ఒక్కడు అడగలే. "సారు ఇంటిపేరేంది?" గదే మాట, ఒకని తర్వాత ఒకడు. అడిగేది ఇంటిపేరు కాదని అందరికి ఎరికే. పెద్ద సారు చెప్పంగనే పెద్దమనిషి మొఖం ఎలిగింది, మనోడే అని భుజం మీద చెయ్యేసిండు. నడిపి సారు చెప్పంగనే ఆ చెయ్యి జేబులకు పోయింది. చిన్న మేడం మాత్రం ఇంటిపేరు చెప్పలే, పేషెంట్లను ఎప్పుడు సూడాలండి అని అడిగింది. సూద్దాం తీయమ్మా అన్నరు.

ఈడ తెరిసిన పుండు మీద ఈగలు. నేను కొంగుతోని ఇసురుతనే ఉన్న. ముందటి కుర్చీలోళ్లు దస్తి ముక్కుకు అడ్డం పెట్టుకోని దూరం జరుగుతున్నరు. మైకుల మాత్రం పేదల సేవ, పేదల సేవ.

శాలువలు కప్పుడు అయినంక ఫొటోలు తీసేటాయన, ఒక పేషెంటుంటే ఫొటో బాగొస్తది అన్నడు. మా అత్తను స్టేజీ కాడికి నూకిండ్రు. పెద్ద సారు గొట్టం ఆమె రొమ్ము మీద పెట్టిండు, చెవులల్ల మాత్రం పెట్టుకోలే. ఫొటో ఆయనకు కాలు నచ్చలే. రోతగ పడుతుందన్నడు. పెద్దమనిషి పక్కన కుప్పల నుంచి ఒక జరీ శాలువ తీసి, పుండు మీద కప్పిండు. అందరు నవ్వుమొఖాలు పెట్టిండ్రు.

మా అత్త రెండు చేతులు జోడించింది. నా దిక్కు తిరిగి మెల్లగ, "నాక్కూడ కప్పిండ్రు బిడ్డా" అన్నది.

నేను శాలువ మీద వాలే ఈగలను కొంగుతోని కొట్టుకుంట నిలవడ్డ.

ఫొటో అయినంక అందరు బిర్యాని మీద పడ్డరు. బగోనలు ఏడ పెట్టిండ్రనుకున్నరు? సూదులేసే గదిల. మంచం మీద విస్తర్లు, దూది డబ్బా పక్కన పెరుగు. పెద్దమనిషి ఎనక తిరిగేటోడొకడు వచ్చి, శాలువ ఇంకొకరికి కావాలె ఇయ్యి అని అంచు పట్టి గుంజిండు. వద్దు, అంటుకున్నది అని నేను అనేలోపట్నే శాలువ తోని తోలు గూడ లేసొచ్చింది. నెత్తురు బండల మీద కారింది. మా అత్తకు అది గూడ తెల్వలే. నా మొఖం సూసి, అప్పుడు కిందికి సూసుకున్నది.

విస్తరి పట్టుకోని వస్తున్న చిన్న మేడం ఆన్నే ఆగింది. విస్తరి కింద పెట్టింది.

"వదలండి. ఎవరూ ముట్టుకోవద్దు" అన్నది శాలువ గుంజినోనితోని.

కిందనే కూసోని, సెలైన్ పోసుకుంట, పుండుల ఇరికిన జరీ పోగులను సన్న పట్టకారుతోని ఒక్కొక్కటి తీసింది. లోపట్నుంచి పెద్దమనిషి, మేడం బిర్యాని సల్లారుతుంది అని కేకేస్తనే ఉన్నడు. పెద్ద సారు పండ్లు కుట్టుకుంట గుమ్మం కాడికొచ్చి, చీటి రాసి పంపెయ్యమ్మా, రేపు సూద్దాం అన్నడు.

"రేపటికి పాదం పోతుంది సర్" అన్నది ఆమె, తలెత్తకుండ. నన్ను పిలిచి, "వేలు ఉండదమ్మా. ఇప్పుడే సూర్యాపేట పోతే కాలుంటుంది. నేను ఫోన్ చేసి చెప్తాను" అన్నది.

అంబులెన్సుల పోయినం. వేలు తీసిండ్రు, కాలు మిగిలింది. మా అత్త తెలివికొచ్చి దుప్పటి తీసి సూసుకోని, "చిటికెన వేలే గద, మెట్టె వేలు కాదు గద. ఇగ ఇంటికి తీస్కపో" అన్నది.

తిరిగి వచ్చేసరికి ఊరి కమాను కాడ కొత్త ఫ్లెక్సీ. పెద్ద సారు గొట్టం, పెద్దమనిషి నవ్వు, నడుమ చేతులు జోడించిన మా అత్త. చిన్న మేడం అండ్ల లేదు. అత్త ఆటో ఆపించి సూసింది. చెప్పు తీసి కొడ్తదేమో అనుకున్న. ఉమ్మేసి, పోనియ్యమన్నది. నాకు ఇప్పటికి శాలువ మెరుపు సూస్తే నెత్తురు వాసనే వస్తది. అత్త మాత్రం ఇగో, పొద్దుగాల పెరట్లకు తన కాళ్ల మీదనే నడిసిపోయింది.

పోయి పండుకోండ్రి ఇగ. మీ ఇంటోళ్ల కాళ్లకు కొయ్య గుచ్చుకోకుండ ఉండాలె. గుచ్చుకుంటే, ఇంటిపేరు అడగకుండ కింద కూసోని పుండు కడిగే చెయ్యి మీకు దొరకాలె. మీ ఇల్లు సల్లగుండ, మీ పొయ్యి ఎప్పటికి ఆరకుండ.