తెరచాప మీద నాయకుడుగారు

అల్లవరం దగ్గర మావాళ్లకి చేపల వేటే బతుకు. ఈ రోజు బాబాయి వాళ్ల బోటింజను నడిసముద్రంలో ఆగిపోయింది. పొద్దున్నే రావలసినవాళ్లు మధ్యాహ్నమైనా రాలేదు, ఫోన్లు కలవలేదు. పిన్ని మంచినీళ్లయినా ముట్టకుండా ఒడ్డునే నిలబడింది.

చివరికి దూరంగా ఏదో కదిలింది. చూస్తే మా నాయకుడుగారు చేతులు జోడించి, నవ్వుతూ, తలకిందులుగా వస్తున్నారు. ఐసుపెట్టెల మీద కప్పే ఆయన పుట్టినరోజు ఫ్లెక్సీని గెడకి కట్టి, తెరచాప చేసి, గాలివాటున వచ్చేసేరు మావాళ్లు.

పిన్ని ఏడుస్తూనే నవ్వేసింది.

"ఆయన్నలా తలకిందులుగా కట్టేరేంటి బాబాయ్?" అన్నాను.

"తిన్నగా కడితే కదల్లేదమ్మా. తిరగేస్తే పనిచేసేడు."

గెలిచాక ఆయన మా ఊరు రావడం ఇదే మొదటిసారి. మీ ఊళ్లో ఎవర్ని తిరగెయ్యాలో మీరూ చెప్పండి.