నాయన రాసిన స్టవ్ కాగితం

కిరసనాయిలు వాసన తగిలితే చాలు, నిజాం జమానాలో అమీర్‌పేటలోని మా వంటింటికి వచ్చిన మొదటి పంపు స్టవ్ గుర్తొస్తుంది. చదువురాని నాయనమ్మ కోసం, దాన్ని వెలిగించే పద్ధతి నాయన కాగితం మీద రాశాడు. నేను చదవాలి, ఆమె చెయ్యాలి.

"పంపు కొట్టాలి," అని చదివానో లేదో, కొట్టేసింది. నూనె చిమ్మి చీరంతా తడిసింది. "అంతకన్నా ముందు స్పిరిట్ వెలిగించి బర్నర్ వేడి చెయ్యాలి" అన్నది తరువాతి వరుస. అగ్గిపుల్ల ఇంకా గీయలేదు, బతికిపోయాం. నాయనమ్మకు తెలివి లేదని పకపకా నవ్వాను.

"నాయనమ్మ తప్పేం లేదు బిడ్డా. ముందు జేసేది ముందు రాయలే నేను," అని నాయన కొత్త కాగితం తీశాడు.

ఈసారి నీలిమంట బుస్సుమంటూ లేచింది. వినే మనిషినే కాదు, చదివే మనిషిని కూడా ఎరిగి రాశాడాయన. ఆఖరి వరుస గొంతెత్తి చదివి నాలుక కరుచుకున్నాను: "చదివేటోళ్లు నవ్వొద్దు."