నాలుక కింది తీపి

నా చిన్నప్పుడు, ఆ పెద్ద యుద్ధం జరుగుతున్న రోజుల్లో, బెంగుళూరు పేటలోని మా ఇంట్లో ఒకరి మాట ఒకరు ఊరికే నమ్మేవాళ్ళు కాదు. అందరికన్నా అనుమానం మా అవ్వకు. పాలలో నీళ్ళే కాదు, నీళ్ళలో కూడా ఏదో కలిపారనుకునే మనిషి.

మాది పట్టు మగ్గాల ఇల్లు. కొత్తగా కాపురానికొచ్చిన మా చిన్నమ్మ రాట్నం మీద పట్టు దారం కండెలకు చుడుతూ ఉన్నట్టుండి ఆగిపోయేది. కళ్ళు తెరిచే ఉండేవి, పిలిస్తే పలికేది కాదు. కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ రాట్నం తిప్పేది. పని ఎగ్గొట్టడానికి వేషాలన్నాడు మా చిన్నాయన. గాలి సోకిందేమోనని ఇరుగుపొరుగు అంటే, వర్తూరు వైపునుంచి ఒక మంత్రగాడిని పిలిపించాడు.

అతను చిన్నమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాడు. ఎవరో పిలిచినట్టుంటుందా? ఉంటుంది. ఒళ్ళు బరువెక్కుతుందా? ఎక్కుతుంది. లోపల ఇంకొకరున్నట్టుంటుందా? చిన్నమ్మ దానికీ తల ఊపింది. అమావాస్య దాకా పిల్లను తన దగ్గర వదిలితే ఆ గాలిని కొట్టి దించుతానన్నాడు. బెత్తం అతని ఒళ్ళోనే ఉంది.

గుమ్మం దగ్గర ఆకు నములుతున్న అవ్వ, "ఏమే, అది వచ్చేముందు నాలుక కింద బెల్లం తీపి తగుల్తాదా?" అంది.

"తగుల్తాదత్తా."

"బెల్లం సంగతి నేనిప్పుడే పుట్టించినాను గదప్పా," అని అవ్వ మంత్రగాడి వైపు చూసింది.

చిన్నాయన లేచాడు. "నేను చెప్పలే? అంతా నాటకమే."

"నోరు ముయ్యిరా. పెద్దోళ్ళడిగితే కాదనగూడదని నేర్పించి తెచ్చుకుంటిమి. నీ మొగుడు గాడిదనా అంటే దానికీ ఔననే అంటాది."

మంత్రగాడు బెత్తం చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. అవ్వ కోడలి పక్కన కూర్చుని, ఏమీ అడగకుండా, చిక్కుపడ్డ పట్టు పోగులు విడదీస్తూ ఉండిపోయింది. ఎండ వాకిలి దాటింది. అప్పుడు చిన్నమ్మే నోరు తెరిచింది.

"మగ్గం చప్పుడు యాడికో దూరం పోతాదత్తా. ఈ చేతులు ఇంకెవరివో అనిపిస్తాయి. భయమైతాది."

అవ్వ ఔననలేదు, కాదనలేదు. ఆ తర్వాత చిన్నమ్మ ఆగిపోయినప్పుడల్లా రాట్నం తను తీసుకుని తిప్పేది, అంతే.

ఆ మాటైనా నిజమో కాదో నాకీనాటికీ తెలియదు. ఒకరి లోపలికి ఇంకొకరు పోయి చూసింది లేదు. కాని అది ఎవరో ఆమె నోట్లో పెట్టిన మాట మాత్రం కాదు.

నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని; అచ్చయిన మాటనూ తొందరపడి నమ్మను. ఇప్పుడు ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితం చూస్తూ, గుండె దడగా ఉందా, తల తిరుగుతుందా అని వరసగా అడుగుతుంది. నా తల దానంతటదే ఊగబోతుంది. అప్పుడు నాలుక కింద తీపి ఏమైనా తగులుతోందా అని ఒకసారి చూసుకుంటాను. ఆ తర్వాతే జవాబు చెబుతాను.