పాపకు బుగ్గలొచ్చిన వారం

మా పాపకు అప్పుడు నాలుగేళ్ళు. వేసవి సెలవులకు జగ్గయ్యపేట నుంచి చందర్లపాడులోని మా అత్తగారింటికి వెళ్ళాం. ఆవిడకు గుమ్మపాలంటే మహా గురి. గేదె పొదుగు కిందే గ్లాసు పట్టి, నురగ చల్లారకముందే పిల్లల చేత తాగించాలి. కాస్తే బలమంతా పోతుందట. పచ్చిపాలు తాగొద్దని బళ్ళో ఏటా పాఠం చెప్పే సైన్స్ టీచర్ని నేను. అయినా ఇరుగుపొరుగంతా చూస్తుంటే నోరు పెగల్లేదు. నవ్వుతూ ఆ గ్లాసు పాపకు నేనే అందించాను.

నాలుగో రోజు విరేచనాలు మొదలయ్యాయి. మర్నాటికి నెత్తురు పడింది. "వేడి చేసిందిలే, మజ్జిగ పట్టు" అన్నారావిడ. ఊళ్ళో ఆర్‌ఎంపీ విరేచనాలు కట్టే మందిచ్చాడు. కట్టాయి. హమ్మయ్య అనుకున్నాం. ఇంకో రెండ్రోజులకు పాప మొహం నిండుగా కనబడింది.

"చూడమ్మాయ్, నా పాలకి ఎట్టా బుగ్గలొచ్చాయో!" అని మురిసిపోతూ అత్తగారు దిష్టి తీసారు. నేను ఫొటో తీసి స్టేటస్ పెట్టాను. తలచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. అది ఒళ్ళు చేయడం కాదు, ఒంటికి నీరు పట్టడం.

పాప పెదాలు తెల్లగా పాలిపోయి, ఎత్తుకుంటే భుజం మీద వాలిపోతుంటే అప్పుడు నందిగామ పరిగెత్తాం. పిల్లల డాక్టరు పాప కాలు నొక్కి చూసి, "ఒంటికి ఎప్పుడెళ్ళిందండి?" అని అడిగారు. నేను అత్తగారి వంక చూసాను, ఆవిడ నా వంక చూసారు. పక్క తడపలేదని ఆ పొద్దున్నే ఇద్దరం పాపను మెచ్చుకున్నాం.

విజయవాడలో పదకొండు రోజులు డయాలసిస్ చేసారు. పచ్చిపాలలోని సూక్ష్మజీవి వదిలిన విషమే కిడ్నీల మీద పడి ఉంటుందని, కాచి ఉంటే అది చచ్చేదని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. కిడ్నీలు మెల్లగా తేరుకున్నాయి. కానీ బీపీ, మూత్ర పరీక్షలు ఏళ్ళ తరబడి తప్పవంది.

ఇంటికి పంపిన రోజు వార్డు బయట అత్తగారి మీద విరుచుకుపడ్డాను. మీ బలం, మీ మొండితనం, మీ దిష్టి అంటూ నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ తలొంచుకుని అంతా విన్నారు.

"నాకంటే తెలీదమ్మాయ్. నీకు తెలుసుగా, ఒక్క మాట ఎందుకు చెప్పలా?"

మంచి కోడలనిపించుకోవాలని పిల్ల ప్రాణం మీదికి తెచ్చానని ఆవిడతో ఎలా చెప్పను?