ఒట్టు నిజం కావాలని

రత్నమాణిక్యానికి అబద్ధం చేతకాదు. రావులపాలెంలో బెండకాయలు అమ్మేటప్పుడు ముదురుకాయలు తనే ఏరి పక్కన పెట్టేది. ఇలాగైతే మనం బాగుపడినట్టేనని భర్త చంద్రరావు వేళాకోళం చేసేవాడు. వాళ్ళది గోదావరి పాయల మధ్యనున్న లంక. ఒడ్డుకు రావాలంటే పడవ తప్ప దారి లేదు.

పెద్దకూతురు సాయిదుర్గకు తొమ్మిదేళ్ళు. కోపం రానంతసేపూ బంగారంలాంటి పిల్ల. వచ్చిందంటే ఎవరి తరమూ కాదు. చేతికందింది విసిరేది, రక్కేది, తల గోడకేసి కొట్టుకునేది. అంతా అయ్యాక మూల కూర్చుని వెక్కివెక్కి ఏడ్చేది. ఊళ్ళో కొందరు గాలి సోకిందన్నారు, కొందరు పెంపకం బాగాలేదన్నారు. కట్టని తాయెత్తు లేదు.

చివరకు తొంభై ఎనిమిదిలో రాజమండ్రి డాక్టరొకాయన గంటసేపు ఓపిగ్గా విని మాత్రలు రాశాడు. ఇవి మూర్ఛకు వాడేవేననీ, పిల్లకు మూర్ఛ మాత్రం లేదనీ, ఇలా అదుపు తప్పే కోపం కూడా కొందరు పిల్లల్లో వీటితో తగ్గుతుందనీ చెప్పాడు. తనను అడక్కుండా ఆపొద్దని రెండుసార్లు హెచ్చరించాడు.

రెండు నెలలు తిరిగేసరికి సాయిదుర్గ రెండేళ్ళ చెల్లెలు హారతిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం తినిపించింది. రత్నమాణిక్యం అది చూసి వంటింట్లోకి వెళ్ళి ఆనందంతో ఏడ్చింది. జూన్‌లో పిల్లను ఒడ్డునున్న బడిలో నాలుగో తరగతిలో వేశారు.

ఆ సంతోషం ఎన్నాళ్ళు? ఒకనాడు పడవలో బుట్ట సర్దుతుంటే మాత్రల అట్ట జారిపడింది. పక్కింటి పాపాయమ్మ తీసి చూసి, మా తమ్ముడు ఫిట్స్‌కు మింగే మాత్ర ఇదేనని పడవంతా వినబడేలా చెప్పింది. డాక్టరు చెప్పిందంతా రత్నమాణిక్యం పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చింది. ఫిట్స్ అన్న మాట చెవిన పడ్డాక మిగతాది ఎవరికి ఎక్కుతుంది?

పడవ నడిపే దొరబాబు చెడ్డవాడేం కాదు. రెండేళ్ళ కిందట అతని కళ్ళెదుటే ఒకాయన మూర్ఛ వచ్చి నీళ్ళలో పడి చచ్చిపోయాడు.

"ఏమీ అనుకోకండక్కా. ఈ మాత్ర మింగే పిల్లని ఎక్కించుకోలేనండి. మింగట్లేదని పిల్ల నెత్తిన చెయ్యేసి చెప్పండి, అప్పుడెక్కించుకుంటాను" అన్నాడు.

ఇంకో తల్లయితే అక్కడికక్కడే ఒట్టేసి, ఇంటికెళ్ళి నిక్షేపంగా మాత్ర వేసేది. ఈ మహాతల్లికి అదీ చేతకాలేదు. కన్నబిడ్డ తలమీద చెయ్యేసి అబద్ధమాడితే బిడ్డకేమవుతుందోనని వణికిపోయింది. మిగిలిన మాత్రలన్నీ గోదాట్లో పారేసింది. మూడు రోజులాగి, రేవులో అందరి ముందూ సాయిదుర్గ నెత్తిన చెయ్యేసి, మా పిల్ల ఏ మాత్రా మింగట్లేదని చెప్పింది. అందులో అక్షరం అబద్ధం లేదు. ఆ నిజాయితీని ఏ గంగలో కలపాలి?

మాత్రలు మానిన మూడో వారంలో హారతి, అక్క పెన్సిలు విరిచింది. సాయిదుర్గ చెల్లెల్ని గుమ్మంలోంచి తోసేసింది. చంటిదాని నుదురు చిట్లి నాలుగు కుట్లు పడ్డాయి.

కట్టు కట్టించుకుని వచ్చేసరికి సాయిదుర్గ మంచం కింద దూరి ఉంది. చేతులు రెండూ తొడల కింద గట్టిగా నొక్కిపెట్టుకుంది.

"అమ్మా, నాకా మాత్ర ఇవ్వవే."

"ఒట్టేశాను కదమ్మా. ఇప్పుడిస్తే నీకేమన్నా అవుద్ది."

"ఒట్టు నామీదే కదా. నాకేమైనా పర్లేదే. చెల్లికి అవ్వకుండా ఉంటే చాలు."

రత్నమాణిక్యం తనూ మంచం కిందికి దూరి, పిల్ల చేతులు లాగి తన మెడ చుట్టూ వేసుకుంది. ఇస్తాను తల్లీ అనబోయింది. ఇవ్వడానికి ఇంట్లో ఒక్క మాత్ర లేదు.